పైథాన్‌లో 12 ఫైళ్లు కాపీ చేస్తే ఒక్కటే మిగిలిందా?

అందరికీ నమస్కారం. పైథాన్‌లో ఎర్రర్ వస్తే అంత టెన్షన్ పడక్కర్లేదు, ఏ లైన్‌లో తేడా ఉందో అదే చెబుతుంది. ఎర్రర్ రాకుండా ఫైళ్లు మాయమైతేనే కష్టం. ఈ రోజు అలాంటిదే చూద్దాం.

స్క్రీన్ మీద చూడండి. బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లిలో ఒక పీజీ ఉందనుకుందాం. దాని అద్దె లెక్కలు జనవరి నుంచి డిసెంబరు దాకా 12 సీఎస్‌వీ ఫైళ్లు. ఫర్ లూప్ పెట్టి, నెలల వరసలో ఒక్కొక్కదాన్నీ ఫైళ్లు కాపీ చేసే షుటిల్ డాట్ కాపీ ఫంక్షన్‌తో 'బ్యాకప్' అనే ఫోల్డర్‌లోకి పంపుతున్నాను. రన్ చేశాను. ఎర్రర్ ఏమీ లేదు. ఇప్పుడు అక్కడ ఏమేం ఉన్నాయో చూపించే ఎల్ఎస్ కమాండ్ కొడితే... బ్యాకప్ ఉంది. కానీ అది ఫోల్డర్ కాదు, ఫైల్! తెరిస్తే డిసెంబరు లెక్కలు. మిగతా 11 ఏవి?

జరిగింది ఇదీ. మనం కాపీ ఫంక్షన్‌కి రెండోదిగా ఇచ్చిన పేరుతో, అంటే ఇక్కడ 'బ్యాకప్' పేరుతో, ఫోల్డర్ అప్పటికే ఉంటే, కాపీ ఫంక్షన్ ఫైల్‌ని అందులో పెడుతుంది. లేకపోతే ఫోల్డర్ తయారు చేయదు, ఆ పేరుతోనే ఫైల్ రాసేస్తుంది. జనవరి వెళ్లి 'బ్యాకప్' అయింది, దాని మీద ఫిబ్రవరి, దాని మీద మార్చి... చివరికి డిసెంబరు. అసలు ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, కంగారు పడకండి. బ్యాకప్ ఉందన్న ధీమాతో వాటిని డిలీట్ చేస్తే మాత్రం అంతే సంగతులు.

"నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉందండీ, టీమ్‌లో వేరేవాళ్ల దగ్గరే ఇలా అవుతోంది" అంటారా? కోడ్‌ని టీమ్‌తో పంచుకోడానికి గిట్ వాడుతుంటే ముందు అక్కడ చూడండి. ఖాళీ ఫోల్డర్‌ని గిట్ దాచుకోదు. మీ దగ్గర ఫోల్డర్ ఉంది, గిట్ నుంచి క్లోన్ చేసుకున్నవాళ్ల (అంటే కాపీ దించుకున్నవాళ్ల) దగ్గర లేదు.

లూప్‌కి ముందు ఒక్క లైన్ రాద్దాం: ఓఎస్ డాట్ మేక్‌డర్స్, 'బ్యాకప్', ఎగ్జిస్ట్ ఓకే ఈక్వల్స్ ట్రూ. అంటే ఫోల్డర్ లేకపోతే తయారు చేస్తుంది, ఉంటే ఊరుకుంటుంది. రన్ చేస్తే... ఫైల్ ఎగ్జిస్ట్స్ ఎర్రర్. ఇందాకటి ఫైల్ ఆ పేరుతో అక్కడే కూర్చుని ఉంది కదా. దాన్ని తీసేసి మళ్లీ రన్ చేద్దాం. 12 ఫైళ్లూ వచ్చేశాయి.

ఇంకొకటి, ఇది తప్పకుండా అలవాటు చేసుకోండి. కాపీ ఫంక్షన్ కొత్త ఫైల్ పాత్‌ని రిటర్న్ చేస్తుంది, దాన్ని ప్రింట్ చేయండి. ఇందాకే చేసి ఉంటే పన్నెండుసార్లూ 'బ్యాకప్' అనే పడేది, తప్పు అక్కడే దొరికిపోయేది.

కాపీ అయిన ఫైల్ సున్నా బైట్లు చూపిస్తోందా? అది వేరే సమస్య. రాసినది డిస్క్‌కి చేరకుండా ఇంకా బఫర్‌లో, అంటే మెమరీలో, ఉండగానే కాపీ చేసి ఉంటారు. కాపీ లైన్‌ని, ఫైల్ తెరిచి రాసే విత్ బ్లాక్ బయటికి జరపండి, అప్పటికి ఫైల్ క్లోజ్ అయిపోతుంది. మార్చిన తేదీ కూడా పాతదే ఉండాలంటే కాపీ బదులు కాపీ2 వాడండి.