పడ్డాక నవ్విన మనిషి

శ్రోతలకు నమస్కారం. మన పి.వి.సింధు ఆడుతున్నప్పుడు ఆమె చొక్కా మీద లీ నింగ్ అన్న పేరు మీలో చాలామంది చూసే ఉంటారు. 2019లో ఆ పేరుతో ఉన్న చైనా ఆట దుస్తుల కంపెనీ ఆమెతో నాలుగేళ్ళకు సుమారు 50 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుందని పేపర్లన్నీ రాశాయి. అది ఉత్త కంపెనీ పేరు కాదండీ, ఒక మనిషి పేరు. ఇంటిపేరు లీ, పెట్టిన పేరు నింగ్. ఇవాళ ఆయన గురించే చెప్తాను.

1963లో దక్షిణ చైనాలోని గ్వాంగ్షీలో, జువాంగ్ అనే జాతి కుటుంబంలో పుట్టాడు. చిన్నపిల్లాడిగానే జిమ్నాస్టిక్స్‌లో చేరాడు. 1982లో అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ఏడు బంగారు పతకాలుంటే ఆరు ఆయనే తెచ్చుకున్నాడు! చైనా వాళ్ళు ఆయన్ని జిమ్నాస్టిక్స్ రాకుమారుడు అని పిలుచుకున్నారు. రెండేళ్ళ తర్వాత, 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. చైనాకు ఒలింపిక్స్‌లో మొట్టమొదటి బంగారు పతకం వచ్చింది ఆ ఏడాదే, మొత్తం 15 వచ్చాయి, అందులో మూడు లీ నింగ్‌వి: ఫ్లోర్ అంటే నేల మీద చేసే విన్యాసాలు, పామెల్ హార్స్ అంటే పిడులున్న గుర్రం లాంటి దిమ్మె మీద చేసేవి, రింగ్స్ అంటే పైనుంచి వేలాడే రెండు వలయాలు పట్టుకుని చేసేవి. ఇవి కాక రెండు వెండి, ఒక కంచు. ఆ ఒలింపిక్స్‌లో ఆరు పతకాలు గెలిచినవాడు ఇంకెవరూ లేరు. రింగ్స్ మీద ఆయన కనిపెట్టిన ఒక విన్యాసాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

అయితే నన్ను పట్టుకుని వదలనిది ఆ పతకాలు కాదు, 1988 సియోల్ ఒలింపిక్స్. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఆ రోజుల్లో జిమ్నాస్టిక్స్‌లో పాతికేళ్ళంటే పెద్ద వయసే, పైగా ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న ఒళ్ళు. ఏ రింగ్స్ మీద బంగారం గెలిచాడో ఆ రింగ్స్ దగ్గరే తడబడ్డాడు, తర్వాత వాల్ట్‌లో, అంటే పరిగెత్తుకొచ్చి దిమ్మె మీద చేతులాన్చి ఎగిరే పోటీలో, దూకి దిగేటప్పుడు కాళ్ళు నిలవక కూలబడిపోయాడు. లేచి నవ్వాడు. ఆ నవ్వే ఆయనకు శత్రువైంది. పడిపోయి సిగ్గు లేకుండా నవ్వుతాడా అని సొంత దేశం వాళ్ళే తిట్టిపోశారు. మన దగ్గర క్రికెట్ ఓడిపోతే ఆటగాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడ్డ రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది వింతగా ఏమీ అనిపించదు. పతకం లేకుండా ఇంటికెళ్ళాడు, ఆట మానేశాడు. అంతమంది చూస్తుండగా పడ్డ మనిషి నవ్వకపోతే ఇంకేం చెయ్యాలి, అక్కడే కూర్చుని ఏడవాలా? నాకైతే ఆ నవ్వులో సిగ్గులేనితనం కనబడదు, నొప్పిని పళ్ళ బిగువున ఆపుకోవడమే కనబడుతుంది.

ఆట మానేశాక చాలామంది కోచ్‌లవుతారు. పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పే బడి పెట్టాలని ఆయనకూ ఉండేది, కానీ దానికి డబ్బు కావాలి కదా. దక్షిణ చైనాలోనే గ్వాంగ్‌డాంగ్‌లో జియాన్‌లిబావ్ అనే కూల్‌డ్రింక్ కంపెనీ నడిపే లీ జింగ్‌వే ఆయన్ని పనిలోకి పిలిచాడు. లోకమంతా తిడుతున్న సమయంలో రమ్మన్న మనిషి, అది చిన్న విషయం కాదు. 1990లో ఆ అండతోనే సొంత పేరుతో ఆట దుస్తుల వ్యాపారం మొదలైంది. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో చైనా ఆటగాళ్ళు పతకాలు అందుకునేటప్పుడు వేసుకున్నది ఆయన కంపెనీ బట్టలే. 2004లో కంపెనీ హాంకాంగ్ స్టాక్ మార్కెట్‌కి ఎక్కింది. భార్య చెన్ యోంగ్‌యెన్ కూడా జిమ్నాస్టే, 1984లో చైనా జట్టుతో కంచు గెలిచిన అమ్మాయి.

ఇక 2008 ఆగస్టు 8 రాత్రి, బీజింగ్. ఒలింపిక్ జ్యోతిని వెలిగించేది ఎవరో చివరిదాకా బయటికి రానివ్వలేదు. దివిటీ చేతికి అందగానే, నడుముకు తీగలు కట్టుకున్న ఒక మనిషి నేల మీంచి పైకి లేచాడు. స్టేడియం పైకప్పు అంచు చుట్టూ, గాలిలో, పరిగెత్తుతున్నట్టుగా మెల్లగా కాళ్ళాడిస్తూ ఒక చుట్టు తిరిగాడు, పక్కనే గోడ మీద చుట్టచుట్టిన పటం విప్పుతున్నట్టు బొమ్మలు తెరుచుకుంటూ పోయాయి. పడిపోయాడని ఇరవై ఏళ్ళ క్రితం ఈసడించుకున్న దేశం తలెత్తి చూస్తూ కూర్చుంది. ఆయన దివిటీ చాచి అంటించాడు.