టెంపరేచర్ కంట్రోలర్‌కి కంప్యూటర్ కలపాలా? చవక కన్వర్టరా, ఐసొలేటెడ్‌దా?

నమస్తే అండి. ఇదిగో, నా చేతిలో రెండు కన్వర్టర్లున్నాయి. రెండూ యూఎస్‌బీ పోర్టును ఆర్ఎస్-485 లైనుగా, అంటే ఫ్యాక్టరీ పరికరాలు రెండు వైర్ల మీద మాట్లాడుకునే లైనుగా మార్చేవే. బొటనవేలంత ఉన్న ఈ చిన్నదాంట్లో సీహెచ్340 చిప్పు. ఈ పెద్దది ఐసొలేటెడ్, అంటే కంప్యూటర్ వైపూ మెషిన్ వైపూ కరెంటు కలవకుండా విడగొట్టింది, లోపల ఎఫ్‌టీడీఐ చిప్పు. దీనికి పెట్టిన డబ్బుతో ఆ చిన్నవి అరడజను వచ్చేవి. మూడు నెలలుగా జీడిమెట్లలో తెలిసినాయన ప్లాస్టిక్ షెడ్డులో రెండిటినీ మార్చి మార్చి వాడుతున్నా. ప్లాస్టిక్‌ని కరిగించి తోసే ఎక్స్‌ట్రూడర్ బ్యారెల్ మీద నాలుగు జోన్లు, జోనుకో పీఐడీ కంట్రోలర్, అంటే వేడిని పెట్టినచోటే నిలబెట్టేది. నాలుగింటి రీడింగులూ కంప్యూటర్‌లో రికార్డవ్వాలి, అంతే.

ముందు టేబుల్ మీద చూద్దాం. ఏ, బీ అని రెండు వైర్లు. ఒక కంపెనీ ఏ అన్నదాన్ని ఇంకో కంపెనీ బీ అంటుంది. జవాబు రాలేదా, ముందు ఆ రెండూ అటుదిటు మార్చండి, భయం లేదు, ఏమీ కాలిపోదు. తర్వాత పారిటీ, అంటే తప్పు పట్టుకునేందుకు జతచేసే బిట్, చూడండి. ఈ కంట్రోలర్లు మాట్లాడే భాష మోడ్‌బస్; దాని స్టాండర్డ్ ఈవెన్ పారిటీ అంటుంది, నాకొచ్చిన కంట్రోలర్లు మాత్రం నో పారిటీలో ఉన్నాయి. పైగా నాలుగింటి అడ్రసూ 1! ఒకేసారి కలిపితే ఒక్క ప్రశ్నకు నలుగురూ కలిసి అరుస్తారు. అందుకే ఒక్కొక్కదాన్నే పవర్ పెట్టి 1, 2, 3, 4 అని మార్చుకున్నా.

స్క్రీన్ చూడండి. నేను పంపింది 01 03 00 00 00 01, వెనక రెండు బైట్ల సీఆర్‌సీ, అంటే దారిలో తప్పు దొర్లిందా అని సరిచూసే లెక్క. అంటే "1వ నంబరూ, నీ మొదటి రిజిస్టర్ (విలువ దాచుకున్న గడి) చెప్పు" అని. జవాబులో 07 39 ఉంది కదా, అది 1849. కంగారు పడకండి, దశాంశం ఒక స్థానం జరపాలి, 184.9 డిగ్రీలు. కంట్రోలర్ డిస్‌ప్లే మీదా అదే.

ఇక్కడిదాకా రెండు కన్వర్టర్లకూ తేడా లేదు. తేడా షెడ్డులో తెలిసింది. హీటర్‌కి కరెంటిచ్చే పెద్ద స్విచ్చు, అదే కాంటాక్టర్, టక్కుమనగానే చిన్నది పోర్టుతో సహా మాయం. ఆపరేటర్ ఫోన్ చేసి, "అన్నా, మెషిన్ నడుస్తుంది, నీ కంప్యూటరే పండుకుంది" అన్నాడు. పీకి మళ్ళీ గుచ్చితే గానీ లేవదు. మెలితిప్పిన షీల్డ్ కేబుల్ వేశా, కాంటాక్టర్ కాయిల్ మీద ఆ కుదుపును మింగే స్నబ్బర్ పెట్టా. రోజుకు పదిసార్లు పడేది రెండుసార్లకు దిగింది, పూర్తిగా పోలేదు. కేబుల్ కొసన 120 ఓమ్స్ రెసిస్టర్ పెట్టమని అందరూ అంటారు. పెట్టా, కానీ 9600 బాడ్ వేగంలో ఇరవై మీటర్ల కేబుల్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అసలు గొడవ ప్యానెల్ గ్రౌండూ కంప్యూటర్ గ్రౌండూ ఈ చిన్నదాని గుండా ఒకటవ్వడం. కాంటాక్టర్ కొట్టిన కుదుపు నేరుగా యూఎస్‌బీలోకి వెళ్తుంది. ఐసొలేటెడ్‌ది పెట్టాక ఒక్కసారీ పడలేదు.

పెద్దదాని మీద రెండు ఫిర్యాదులున్నాయి. స్క్రూలు మరీ చిన్నవి, వాచీ రిపేరు స్క్రూడ్రైవర్ కావాలి. డ్రైవర్‌లో లేటెన్సీ టైమర్, అంటే వచ్చిన డేటాను కంప్యూటర్‌కి ఇచ్చేముందు ఆగే సమయం, 16 మిల్లీసెకన్లుంటుంది, డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి 1కి దించితే చదవడం వేగం పుంజుకుంటుంది.

ప్రోగ్రాం రాసేవాళ్ళకి ఒక్క మాట. సెట్ పాయింట్‌ని, అంటే కావాల్సిన టెంపరేచర్‌ని, సెకనుకోసారి రాసే లూప్ పెట్టకండి. కొన్ని కంట్రోలర్లు రాసిన ప్రతిసారీ ఈఈప్రామ్‌లో, అంటే పవర్ పోయినా గుర్తుంచుకునే మెమరీలో, దాచుకుంటాయి. దాని ఆయుష్షు లక్షసార్లే అయితే, రోజుకు 86,400 సెకన్లు, లెక్క మీరే వేసుకోండి. విలువ మారినప్పుడే రాయండి.

హీటర్లు, మోటార్లు ఉన్నచోటికైతే కళ్ళు మూసుకుని ఐసొలేటెడ్‌దే కొనండి. చిన్నదాన్ని పారెయ్యలేదులెండి, కొత్త కంట్రోలర్లకు అడ్రస్ పెట్టేందుకు నా బ్యాగులోనే తిరుగుతోంది.