పక్క తడిపిన పిల్లాడు ఎక్కడ పడుకోవాలి?

అందరికీ నమస్కారం. పేరెంట్స్ మీటింగ్ అనగానే మార్కుల గురించి మాట్లాడతాననుకుని వచ్చుంటారు, నేను మాట్లాడబోయేది పిల్లలు పక్క తడపడం గురించి. నవ్వండి, పర్లేదు. నవ్వుతున్నవాళ్లలో కొందరింట్లో పొద్దున మిద్దె మీద ఆరేసిన బొంత ఇంకా ఆరి ఉండదు.

5 ఏళ్ల పిల్లల్లో నూటికి 15 మంది దాకా పక్క తడుపుతారు. మగపిల్లలు ఎక్కువ. ఏటా వాళ్లలో నూటికి 15 మందికి దానంతట అదే ఆగిపోతుంది. రాత్రిపూట మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే హార్మోన్ కొందరిలో ఇంకా చాలినంత రాదు, పైగా మొద్దునిద్ర, మలబద్ధకం ఉంటే అదొకటి. వాడు బద్ధకంతోనో పొగరుతోనో చేసే పని కాదిది. వంశంలో కూడా ఉంటుంది, తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 40 పైనే. నాన్నలూ, మీ అమ్మనడిగి చూడండి ఒకసారి.

మరి డబ్బుకీ దీనికీ ఏం సంబంధం అంటారా? బ్రిటన్‌లో 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 5 వేల మందికి పైగా పిల్లల్ని డాక్టర్ జేమ్స్ డగ్లస్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. కూలిపని చేసేవాళ్ల ఇళ్లలో ఇది ఎక్కువ కనిపించింది. మూడు నాలుగేళ్ల వయసులో తల్లికి దూరమవడం, ఇల్లు చెదిరిపోవడం లాంటివి జరిగిన పిల్లల్లో కూడా. పేదరికం వల్లే వస్తుందని చెప్పట్లేదు, కలిగినవాళ్ల పిల్లలూ తడుపుతారు. కాకపోతే వాళ్లకు వాషింగ్ మెషీన్ ఉంటుంది, బయటికి తెలీదు. ఇక్కడ తిరుపతిలో ఒక్క గది ఇంట్లో ఐదుగురు పడుకుంటూ, బాత్‌రూమ్ బయట నాలుగిళ్లకూ కలిపి ఉంటే, చీకట్లో ఆరేళ్ల పిల్లాడు ఒక్కడే లేచి ఎలా వెళ్తాడు? లాడ్జీలో యాత్రికుల దుప్పట్లు రోజంతా ఉతికొచ్చిన తల్లి, ట్యాంకర్ నీళ్లతో ఇంట్లో ఇంకో బొంత ఉతకాలి. ఆమెకు కోపం రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

నేను హాస్టల్ వార్డెన్‌గా చేసిన రోజుల్లో, ఎక్కడో చెప్పను, ఎనిమిదేళ్ల పిల్లాడొకడు ఉండేవాడు. రెండేళ్లుగా పక్క తడపనివాడు వాళ్లమ్మ కువైట్ వెళ్లిన నెలకే మళ్లీ మొదలుపెట్టాడు. మిగతా పిల్లలు గోల చేస్తే నేను వాడి చాప తీసి వరండాలో వేయించాను. తెల్లారి నాలుగింటికి కొళాయి శబ్దం వస్తే వెళ్లి చూశా, నిక్కరు తీసేసి, చొక్కా ఒక్కటే వేసుకుని, చలిలో చాప ఉతుకుతున్నాడు. నన్ను చూసి "సార్, నేను కాదు సార్, వానొచ్చింది" అన్నాడు. ఆకాశంలో చుక్కలు కనిపిస్తున్నాయి.

వాతలు పెట్టకండి. పక్కింటివాళ్ల ముందు చెప్పకండి. పడుకోబోయే ముందు బాత్‌రూమ్‌కి పంపండి, బయట ఒక బల్బు వేయండి. నువ్వులు, బెల్లం ఉండలు పెడతామంటే పెట్టుకోండి, వాటితోనే తగ్గుతుందని మాత్రం కూర్చోవద్దు. ఆరు నెలలు బాగుండి మళ్లీ మొదలైనా, మంట, అతిదాహం ఉన్నా రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఇన్ఫెక్షనో షుగరో తేలుతుంది. ఏడేళ్లు దాటినా తగ్గకపోతే తడి తగలగానే మోగే అలారం ఉంది, మందులూ ఉన్నాయి.

ఇక అడగండి. పిల్లాడి పేరు మాత్రం చెప్పొద్దు, "మా పక్కింటి బాబు" అనండి చాలు, నాకు అర్థమవుతుంది.