చిక్కుకున్న చోటే చదువు

శ్రోతలందరికీ నమస్కారం.

మా అనంతపురం జిల్లాలో ఇంటర్ ఎంపీసీ అయిపోయిన పిల్లలున్న ఏ ఇంటికి వెళ్లినా మూడు ప్రశ్నలు వినిపిస్తాయి. ఈఏపీసెట్‌లో ర్యాంకెంత? సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు వస్తుందా? వస్తే ఏ ల్యాప్‌టాప్ కొనాలి? నేను సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది వేరుశనగ పండించే ఊరు. సెలవులకు ఊరికి వెళ్తే ఆ మూడో ప్రశ్న నేరుగా నా దగ్గరికే వస్తుంది. "ఏమప్పా, మా పిల్లోడికి లక్ష రూపాయలది కొనియ్యాల్నా? తక్కువదైతే చదువు రాదా?" అని మా వీధి పెద్దాయన ఒకాయన అడిగారు. అప్పు చేయడానికి కూడా సిద్ధంగా ఉన్నారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ల్యాప్‌టాప్ కోసం అప్పు చేయకండి.

ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా మా చదువులో చాలా భాగానికి సరిపోతుంది. మేము మొదటి సంవత్సరం నేర్చుకునే సీ భాషను 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేశారు. అప్పట్లో ఆయన బృందం యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపిన పీడీపీ-11 అనే యంత్రంలో ఉన్న మెమరీ 24 కిలోబైట్లు. 8 జీబీ అంటే దానికి మూడు లక్షల రెట్ల కంటే ఎక్కువ. అంత చిన్న యంత్రం మీద పుట్టిన భాషను నేర్చుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. అక్కర్లేదని ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే, మా చదువులో అసలు కష్టం తెర మీద ఉండదు. తెల్ల కాగితం మీద ఉంటుంది.

దీనికి ఒక ఆట చెబుతాను. ఇంట్లో పిల్లలతో మీరూ ఆడొచ్చు. నేను 1 నుంచి 1000 లోపు ఒక సంఖ్య మనసులో అనుకుంటాను. మీరు ఏదో ఒక సంఖ్య చెప్పండి. నాది అంతకంటే పెద్దదో, చిన్నదో చెబుతాను. మీరు ప్రతిసారీ మిగిలిన వాటిలో సరిగ్గా మధ్య సంఖ్య అడిగితే చాలు, ఎంత గట్టి సంఖ్య అనుకున్నా 10 ప్రశ్నల్లో దొరికిపోతుంది. 10 లక్షల సంఖ్యలుంటే 20 ప్రశ్నలు. 140 కోట్ల మంది పేర్లను అకారాది క్రమంలో పెట్టి, అందులో ఒక పేరు వెతకమంటే 31 సార్లు చూస్తే సరిపోతుంది. ప్రతి ప్రశ్నతోనూ సగం జాబితా పక్కకు పోవడమే ఇందులోని బలం. దీన్నే మేము బైనరీ సెర్చ్ అంటాం. మొదటిసారి కాగితం మీద లెక్క వేసుకుని 31 అని తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

వినడానికి ఇంత తేలికైన విషయం కదా. ప్రోగ్రామ్‌గా రాయడం మాత్రం తేలిక కాదు. తొలి కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్ రూపకర్తల్లో ఒకరైన జాన్ మాక్లీ 1946లోనే ఈ పద్ధతిని ఉపన్యాసంలో వివరించారు. కానీ ఎంత పొడవున్న జాబితాకైనా తప్పు లేకుండా పనిచేసేలా రాసిన ప్రోగ్రామ్ అచ్చులోకి రావడానికి 1960లు రావాల్సి వచ్చింది. కథ అక్కడితో అయిపోలేదు. ప్రపంచమంతా వాడే జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు సిద్ధంగా ఇచ్చే ప్రోగ్రామ్‌ల లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో తప్పు ఉందని 2006లో జాషువా బ్లాక్ ప్రకటించారు. దాన్ని రాసింది ఆయనే. ఆ తప్పు సుమారు తొమ్మిదేళ్లు అక్కడే దాక్కుని ఉంది.

తప్పు ఎక్కడుందంటారా? మధ్య స్థానం కనుక్కోవడానికి మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కలిపి రెండుతో భాగిస్తాం. ఆరో తరగతి లెక్క. కానీ జావాలో మామూలు పూర్ణసంఖ్యకు 32 బిట్ల చోటే, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడుల చోటే ఉంటుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. జాబితా చాలా పెద్దదైతే ఆ రెండు స్థానాల మొత్తం ఈ హద్దు దాటిపోయి, రుణ సంఖ్యగా మారిపోతుంది. ఆ తర్వాత వెతుకులాట ఎక్కడికో పోతుంది. దీనికి విరుగుడు కూడా చిన్నదే. రెండింటినీ కలపకుండా, చివరి దాంట్లోంచి మొదటి దాన్ని తీసేసి, అందులో సగాన్ని మొదటి దానికి కలపాలి. బడిలో రెండూ ఒకటే అని చెబుతాం. యంత్రంలో ఒకటి కాదు. జాబితాలు అంత పెద్దవి లేని రోజుల్లో ఆ తేడా ఎవరికీ కనబడలేదు.

నా అభిప్రాయంలో మా చదువంతా ఇలాంటి చోట్లే ఉంటుంది. జాబితాలో ఏమీ లేకపోతే ఏమవుతుంది, ఒకే ఒక్క పేరుంటే ఏమవుతుంది, వెతికే పేరు అసలు లేకపోతే ఎప్పుడు ఆగాలి? ఈ ప్రశ్నలు వేసుకుని, పెన్సిల్ పట్టుకుని, ఒక్కో వరుసకు ఏ విలువ ఎంత అయిందో రాసుకుంటూ పోతే ఒక చోట చిక్కుకుంటాం. చిక్కుకున్నప్పుడు చిరాకేస్తుంది. ఆకలి కూడా తెలియదు. హాస్టల్లో పక్కవాడిని లేపి అడగాలనిపిస్తుంది. ఆ అరగంట, గంట చాలా విలువైనది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

మా దగ్గర దాన్ని లాక్కునేవి చాలా ఉన్నాయి. మిడ్ పరీక్షలు దగ్గర పడితే కాలేజీల దగ్గరి జిరాక్స్ షాపులు కిటకిటలాడతాయి. ముఖ్యమైన ప్రశ్నలు, పాత పేపర్లు, జవాబులు అన్నీ స్పైరల్ బైండింగ్‌తో సహా దొరుకుతాయి. వాటితో పాసవుతాం, కాదనను. బ్యాక్‌లాగ్ ఉంటే ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు కాబట్టి వాటిని చదివే స్నేహితులను తప్పుపట్టను. కానీ ల్యాబ్ రికార్డు సంగతి వేరు. ఒకరి రికార్డు చూసి ముప్పై మంది ప్రోగ్రామ్‌లు దించుకుంటారు. అవుట్‌పుట్ కూడా దించుకుంటారు. ప్రోగ్రామ్ నడపకుండానే అవుట్‌పుట్ రాయడమంటే పొలానికి వెళ్లకుండానే పంట దిగుబడి రాసుకోవడం. ఈ పద్ధతి మారాలి. రికార్డులో శుభ్రమైన ప్రోగ్రామ్‌కు కాకుండా, విద్యార్థి తనకు వచ్చిన తప్పునూ దాన్ని ఎలా సరిచేశాడన్నదాన్నీ రాసినందుకు మార్కులు వేస్తే ఎంత బాగుంటుందో.

ఇప్పుడు కృత్రిమ మేధ గురించి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. నేను ఇంజినీరింగ్‌లో చేరేనాటికి అది అందరి ఫోన్లలోనూ ఉంది. కోట్ల కొద్దీ పేజీలు చదివించి, ఇంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టేలా తయారుచేసిన యంత్రం అది. బైనరీ సెర్చ్ రాయమంటే క్షణాల్లో రాసిస్తుంది, చాలాసార్లు సరిగ్గానే రాస్తుంది. దాన్ని వాడొద్దని నేను అనను. నేనూ వాడతాను. కానీ ముందు నా ప్రోగ్రామ్ నేను రాసుకుంటాను. ఆ తర్వాత, "ఇది ఏ సందర్భంలో తప్పుతుందో ఒక్క ఉదాహరణ ఇవ్వు, సరిచేసి మాత్రం ఇవ్వొద్దు" అని అడుగుతాను. అలా అడిగితే అది పరీక్షకుడి పని చేస్తుంది. ముందే జవాబు అడిగితే నా పని అది చేసేస్తుంది, నాకేమీ మిగలదు. క్యాంపస్ ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు కాగితం చేతికిచ్చి రాయమంటే ఆ సంగతి అక్కడే బయటపడుతుంది. తల్లిదండ్రులారా, మీ అబ్బాయో అమ్మాయో అరగంటగా ఒకే పేజీ ముందు కూర్చుని ఉంటే, చదవడం లేదని కోప్పడకండి. అప్పుడే చదువుతున్నారేమో.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మొదటి సెమిస్టర్‌లో పాఠం అర్థం కాకపోతే తెలివి తక్కువైందని అనుకోకండి. నేను ఎనిమిదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. సీ భాషలోని పాయింటర్లు నాకు అర్థమైంది మా అమ్మకు తెలుగులో చెప్పడానికి ప్రయత్నించిన రోజునే. ఆమె కంప్యూటర్ ముట్టుకోలేదు. కానీ "వస్తువు ఒక చోట ఉంది, అది ఎక్కడుందో రాసిన చీటీ ఇంకో చోట ఉంది, అంతేనా?" అన్నారు. అంతే. పరీక్షలో ఇంగ్లీషులో రాద్దాం. ఆలోచన మాత్రం మనకు హాయిగా వచ్చే భాషలో సాగనిద్దాం. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటిని కూడా ఆపి, తెలుగులో ఒకసారి చెప్పుకుని, మళ్లీ ముందుకు వెళ్లొచ్చు.

ఆ తెలుగు భాష కంప్యూటర్ లోపల ఎలా ఉంటుందన్నది నాకు అన్నింటికంటే ఇష్టమైన విషయం. ఒక మామూలు ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి, తెలుగైతే 70 దగ్గరే ఆగిపోతుంది. ఎందుకలా? ఎస్‌ఎంఎస్‌కు ఇచ్చిన చోటు 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, మన అక్షర సంకేతానికి 16 కావాలి. భాగించి చూడండి, సరిగ్గా 160, 70 వస్తాయి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ అదే నెలలో సరిచేసిన సాఫ్ట్‌వేర్ విడుదల చేయాల్సి వచ్చింది. మన లిపిని బాగా తెలిసినవాళ్లు పరీక్షించి ఉంటే ముందే దొరికేదని నా నమ్మకం.

మా క్లాసులో అందరూ రాసే ప్రోగ్రామ్ ఒకటుంది, మాటను తిరగేసి చూపించడం. పైథాన్‌లో ఒక్క వరుస చాలు. దానికి "అనంతపురం" అని ఇచ్చి చూడండి. మన కంటికి ఐదు అక్షరాలు. కంప్యూటర్‌కు ఎనిమిది సంకేతాలు, ఎందుకంటే సున్న వేరు, కొమ్ము వేరు. తిరగేస్తే మొదట ఒక సున్న దేన్నీ పట్టుకోకుండా వేలాడుతుంది, "పు"లోని కొమ్ము వెళ్లి "ర"కు తగులుకుంటుంది. సరిగ్గా తిరగేయాలంటే ఒక తెలుగు అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మనమే నియమాలు రాయాలి. ఇలాంటి పనిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. పత్రికల పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాల్లోకి మార్చే "పద్మ"ను వెన్న నాగార్జున తయారుచేశారు. 2003లో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులను డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు మన దగ్గర ఉంది. కొనకండి. చిన్నదైనా మన భాషకో, మన ఊరికో పనికొచ్చేది చేద్దాం. నేను, నా స్నేహితులిద్దరు పద్యంలో గురువులు, లఘువులు గుర్తించే ప్రోగ్రామ్ మొదలుపెట్టాం. ఇలాంటివి ఇప్పటికే ఉన్నాయని తెలుసు. అయినా మా చేతులతో కట్టి చూడాలని ఉంది. దీర్ఘాలు, సున్నలు తేలిగ్గానే వచ్చాయి. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అవుతుంది కదా, అదీ రాశాం. కానీ ఆ సంయుక్తాక్షరం పక్క మాట మొదట్లో ఉంటే? రెండు మాటలూ కలిసి ఒక సమాసమైతే ముందున్న అక్షరం గురువు. విడివిడి తెలుగు మాటలైతే కాదు. ఏది సమాసమో ఏది కాదో ప్రోగ్రామ్‌కు ఎలా చెప్పాలి? ప్రస్తుతం మేము అక్కడ ఆగి ఉన్నాం. శ్రోతల్లో ఛందస్సు తెలిసిన తెలుగు మాస్టార్లు ఎవరైనా ఉంటే, మీ దగ్గరికి పుస్తకం పట్టుకుని వచ్చే కంప్యూటర్ విద్యార్థులను కాసేపు కూర్చోబెట్టుకోండి.

సెలవు. నమస్కారం.