పూర్వపక్షం రాయించే చదువు

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీలో తత్త్వశాస్త్రం ప్రధానాంశంగా తీసుకున్నానని ఒక విద్యార్థి చెప్పగానే, ఎదుటివారు ఉద్యోగం సంగతి అడుగుతారు, లేదా జీవిత పరమార్థమేమిటో చెప్పమని నవ్వుతారు. తరగతి గదిలో జరిగే పనికి ఈ రెండింటితోనూ పెద్దగా సంబంధం లేదు.

అక్కడ జరిగేది ముఖ్యంగా చదవడం, అదీ చాలా నెమ్మదిగా. 1963లో అమెరికా తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ ప్రచురించిన వ్యాసం మూడు పేజీలే. ఒక విషయం నిజమై ఉండి, దాన్ని మనం నమ్మి, ఆ నమ్మకానికి తగిన ఆధారం కూడా ఉంటే అది జ్ఞానమేనన్న నిర్వచనాన్ని ఆ మూడు పేజీలు కుదిపివేశాయి. ఆ చిక్కు తెలియడానికి బ్రిటిష్ తత్త్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ 1948లోనే ఇచ్చిన ఉదాహరణ తేలిక. గడియారం ఆగిపోయిందని తెలియని ఒక మనిషి, సరిగ్గా అది చూపుతున్న వేళకే దానివైపు చూశాడు. అతను అనుకున్న సమయం నిజమే, గడియారాన్ని నమ్మడంలో తప్పూ లేదు. అయినా సమయం ఎంతో అతనికి తెలుసని అనగలమా? అనలేమని చాలామంది వెంటనే చెబుతారు. ఎందుకనలేమో చెప్పమంటే తడబడతారు. పాఠం మొదలయ్యేది ఆ తడబాటు దగ్గరే.

రాతపని ఇంకా కష్టం. తన సిద్ధాంతం చెప్పే ముందు ప్రత్యర్థి వాదాన్ని, అతనే చదివి ఒప్పుకునేంత బలంగా నిలబెట్టడాన్ని మన శాస్త్రగ్రంథాలు పూర్వపక్షం అన్నాయి. విద్యార్థి వ్యాసంలో నేను మొదట వెతికేది అదే. ఫ్రెంచ్ తత్త్వవేత్త రెనే డెకార్ట్ కూడా 1641లో తన 'ధ్యానాలు' గ్రంథాన్ని ఇతర పండితుల ఆక్షేపణలతో, వాటికి తన సమాధానాలతో కలిపే అచ్చు వేయించాడు. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసి, భౌతికం కాని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలించగలదని అడిగింది. ఆయన జవాబు ఆమెకు తృప్తినివ్వలేదు.

ఉద్యోగం మాట దాటవేయడం న్యాయం కాదు. వైద్యం, ఇంజనీరింగ్ లాగా ఈ పట్టా నేరుగా ఒక వృత్తిలోకి తీసుకువెళ్లదు. న్యాయవిద్య వైపో బోధన వైపో మరో అడుగు వేయవలసిందే. గణితంతోనో కంప్యూటర్ శాస్త్రంతోనో కలిపి చదివేవారికి మాత్రం తర్కం పేపరు రెండు చోట్లా పనికొస్తుంది.

చేరాలో వద్దో తేల్చుకోలేనివారు ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి, డెకార్ట్, ఎలిజబెత్‌ల ఉత్తరాల అనువాదం నాలుగు పేజీలు చదవాలి. ఎలిజబెత్ ప్రశ్న రాత్రి పడుకున్నాక కూడా వదలకపోతే దరఖాస్తు పెట్టుకోవచ్చు; విసుగు పుడితే మరో సబ్జెక్టు చూసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.