అయిదు నుంచి ఆరు దాకా

శ్రోతలకు నమస్కారం.

2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో పోటీకి దిగింది. ముందు స్నాచ్. బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తలపైకి లేపాలి, మధ్యలో ఆపకూడదు. 110 కిలోలు ఎత్తింది. తర్వాత క్లీన్ అండ్ జెర్క్. ఇందులో బార్‌ను ముందు భుజాల మీదికి తెచ్చుకుని, కాస్త నిలదొక్కుకుని, అక్కడి నుంచి పైకి లేపాలి. అందులో 130. మొత్తం 240 కిలోలు.

ఇంకో ప్రయత్నం మిగిలింది. 137.5 కిలోలు పెట్టించారు. అది లేస్తే బంగారమే. లేవలేదు. బంగారం గెలిచిన చైనా అమ్మాయి మొత్తం 242.5. తేడా రెండున్నర కిలోలు! మనం సంచీలో వేసుకొచ్చే కందిపప్పంత. మల్లీశ్వరికి కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. సిడ్నీలో మన దేశం మొత్తానికి దక్కింది ఆ ఒక్క పతకమే.

ఇంతవరకూ మీలో చాలామందికి తెలుసు. నా మనసులో ఎప్పుడూ మెదిలేది దీని ముందు కథ.

మల్లీశ్వరి 1994లో ప్రపంచ చాంపియన్. 1995లో మళ్లీ ప్రపంచ చాంపియన్. 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్ జరిగాయి. ఆమెకు 21 ఏళ్లు, మంచి ఊపులో ఉంది. కానీ వెళ్లలేదు. గాయమా? కాదు. ఎంపిక కాలేదా? అదీ కాదు. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ అన్నది ఆ ఒలింపిక్స్ పట్టికలోనే లేదు. మగవాళ్లకు 1896లో, మొట్టమొదటి ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్లకు 2000 దాకా లేదు. బలం ఉంది, సాధన ఉంది, కూతురి వెనక కొండలా నిలబడ్డ తల్లి శ్యామల ఉంది. పట్టికలో పేరు లేదు.

మన కబడ్డీనే చూడండి. ఏషియాడ్‌లో మగవాళ్ల కబడ్డీ 1990లో వచ్చింది, ఆడవాళ్లది 2010లో. ఇరవై ఏళ్లు! ఆ ఇరవై ఏళ్లలో కూతకు వెళ్లిన ఆడపిల్లలు మన ఊళ్లలో లేరా? ఉన్నారు. పట్టికలో పేరు లేదు.

ఇప్పుడు కాలం మారింది, కాదనను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా చోట్లు కేటాయించారు. 2022 నుంచి మన క్రికెట్ బోర్డు మహిళలకూ పురుషులకూ ఒకే మ్యాచ్ ఫీజు ఇస్తోంది. చాలా సంతోషం. కానీ ఇవన్నీ పైన జరిగిన మార్పులు. కింద మా ఊరి హైస్కూలు గ్రౌండ్ దగ్గరికి రండి.

నేను రోజూ సాయంత్రం అక్కడ నడుస్తాను. గ్రౌండ్ నిండా మగపిల్లలే, మూడు నాలుగు జట్ల క్రికెట్. ఆడపిల్లలు ప్రహరీ గోడ మీద కూర్చుని చూస్తుంటారు. మొన్న ఒక బంతి గోడ దాకా దొర్లుకుంటూ వచ్చింది. ఒక అమ్మాయి దిగి, చున్నీ నడుముకు బిగించి, హవాయి చెప్పులతోనే రెండడుగులు వేసి విసిరింది. బంతి నేల తాకకుండా నేరుగా కీపర్ చేతుల్లో పడింది. నేను నడక ఆపేశాను. ఆ పిల్ల చేతులు దులుపుకుని, మళ్లీ గోడెక్కి కూర్చుంది.

"ఆడుకోవద్దని ఎవరన్నారండీ?" అంటారు. ఎవరూ అనలేదు, నిజమే. అట్లాంటాలోనూ మల్లీశ్వరిని ఎవరూ పేరుపెట్టి వద్దనలేదు. నిండిపోయిన గ్రౌండ్‌లోకి ఆడపిల్ల తోసుకుని వెళ్లదు. ఆమెకు ఒక వేళ రాసిపెట్టి ఉండాలి.

అందుకే నాది ఒక్కటే మాట. మీ ఊళ్లో బడి గ్రౌండ్ ఉంటే, హెడ్మాస్టరు గారితోనో సర్పంచ్ గారితోనో మాట్లాడండి. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా గ్రౌండ్ అమ్మాయిలది అని గేటు మీద పెయింటుతో రాయించండి. పెయింటుతోనే. సుద్దముక్కతో రాస్తే రెండో రోజుకు చెరిగిపోతుంది. ఆ గంట బాత్‌రూమ్ తాళం తీసి ఉంచమనండి, లోపల గడియ పడుతోందో లేదో మీరే ఒకసారి చూడండి. మొదటి వారం ఒక అమ్మో, ఒక టీచరమ్మో అక్కడ కూర్చుంటే పిల్లలకు టెన్షన్ ఉండదు.

మా హెడ్మాస్టరు గారిని సోమవారం కలుస్తున్నాను. పెయింటు డబ్బా నేనే తీసుకెళ్తాను.

నమస్కారం.