థింపూలో పద్నాలుగో హోల్

వేదిక మీది పెద్దలకు, నాతోపాటు యూనిఫాం వేసుకున్న పాత మిత్రులకు, అనంతపురం పిల్లలకు నమస్కారం.

మాజీ సైనికుడు మైకు పట్టుకుంటే యుద్ధం కథ చెబుతాడని అనుకుంటారు. నేను ఒక ఆట గురించి చెబుతాను. భూటాన్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం అక్కడి సైన్యాధికారులతో ఆడిన గోల్ఫ్ అది.

నేను శెనక్కాయ చేన్ల మధ్య పెరిగినవాణ్ని. చిన్నప్పుడు కర్రతో ఆడిన ఆటంటే చిల్లాకట్టె ఒక్కటే. బిళ్ళ ఎంత దూరం పోయిందో మనమే అంచనా కట్టి ఇన్ని కట్టెలని అడగాలి. ఎక్కువ అడిగామని అనుమానం వస్తే అవతలి జట్టువాళ్లు కట్టె పట్టుకుని కొలిచేవాళ్లు. సగం పొద్దు ఆ జగడంతోనే గడిచిపోయేది. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

భారత సైనిక శిక్షణ బృందం 1962 నుంచి భూటాన్‌లో ఉంది. అక్కడి అధికారుల్లో చాలామంది మన డెహ్రాడూన్‌లో శిక్షణ పొందినవాళ్లు. హిందీ చక్కగా మాట్లాడతారు. థింపూలోని గోల్ఫ్ మైదానానికి కూడా మన సైన్యంతో బంధం ఉంది. బ్రిగేడియర్ టి.వి. జగన్నాథన్ అప్పటి రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్‌ను ఒప్పించి దాన్ని మొదలుపెట్టించారు. హోల్ అంటే వీలైనంత తక్కువ షాట్లలో బంతిని పడెయ్యాల్సిన గుంత. అక్కడ ఉన్నవి 9 హోల్స్, రెండు చుట్లు తిరిగితే 18. పక్కనే తాషిచో జాంగ్ అనే కోట, దాని బంగారు రంగు శిఖరాలు. ఎత్తు 2,300 మీటర్ల పైనే. గాలి పలచన కాబట్టి బంతి మామూలు కంటే ఎక్కువ దూరం పోతుంది, మనిషికి మాత్రం ఆయాసం వస్తుంది. మొదటి మూడు హోల్స్‌లో గ్రీన్, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక, దాటించి కొట్టాను. భూటాన్ మేజర్ ఒకాయన నవ్వి, "మా బాణాలు 145 మీటర్ల దూరంలోని గురిని కొడతాయి, బంతికీ ఆ లెక్క నేర్పండి" అన్నారు.

పద్నాలుగో హోల్, అంటే రెండో చుట్టులో అయిదోది. ఆయన రెండో షాట్ పైన్ చెట్ల కింద గడ్డిలో పడింది. నేను ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను. మిగతా ఇద్దరూ అవతలి వైపున్నారు. ఆయన వంగి బంతి పక్కనున్న ఎండు పైన్ ఆకులు తీస్తున్నారు. ఉన్నట్టుండి చెయ్యెత్తారు. "కదిలింది" అన్నారు. ఎంత అని అడిగితే బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేర్చి చూపించారు. మధ్యలో ఒక శెనక్కాయ గింజ పట్టేంత సందు.

నేను, "సార్, వదిలేయండి, ఆడండి" అన్నాను. ఆయన బంతిని పాత చోటే పెట్టి, కదిలించినందుకు పెనాల్టీగా ఒక షాట్ కలుపుకుని, "ఇప్పుడు ఆడేది నాలుగో షాట్" అని చెప్పి కొట్టారు. అప్పటికే ఆయన చాలా వెనకబడి ఉన్నారు. అది పోటీ కూడా కాదు, కప్పు లేదు. ఆ ఒక్క షాట్ దాచినా ఎవరికీ ఏమీ పోదు. అందుకే అది నా మనసులో అంత లోతుగా నాటుకుపోయింది.

1744లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో ఈ ఆటకు మొదటిసారి 13 నియమాలు రాశారు. 1925 యు.ఎస్. ఓపెన్ గోల్ఫ్ పోటీలో బాబీ జోన్స్ అనే అమెరికా ఆటగాడు బంతి కదిలిందని తానే చెప్పుకుని ఒక పెనాల్టీ వేసుకున్నారు. చివరికి స్కోరు సమమై, విజేతను తేల్చడానికి ఆడిన ప్లేఆఫ్‌లో ఓడిపోయారు. ఈ కథ గోల్ఫ్ ఆడేవాళ్లందరికీ తెలుసు. కానీ చదివినదాన్ని కళ్లెదుట చూడటం వేరు.

ఆ రోజు ఆయన లెక్క రాసింది నేను. ఆ హోల్ దగ్గర మొహమాటంతో 5 వేశాను. ఆట అయ్యాక ఆయన కార్డు చూసుకుని, నన్ను ఒక్క మాటా అనకుండా పెన్ను అడిగి తీసుకున్నారు. నా 5 కొట్టేసి, పక్కన 6 వేసి, కింద సంతకం పెట్టారు. తర్వాత కార్డు నన్నే ఉంచుకోమన్నారు.

ఇదిగో, ఆ కార్డు. ముందు వరుస పిల్లలు చూసి వెనక్కి పంపండి. పద్నాలుగో గడి చూడండి. నా అంకె మీది గీత ఇంకా కనిపిస్తుంది. చివరి వరుస దాకా వెళ్లాక నాకు తెచ్చివ్వండి, నాయనా.